దిష్టి తీశాను, మాట వినలేదు

ఇది రాసే ముందు నా కూతురిని అడిగాను. "రాయమ్మా, నా పేరు మాత్రం వెయ్యకు" అంది. అందుకే ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. తప్పు నాది. మిగతావాళ్ళ పేర్లతో పని కూడా లేదు.

నేను రేపల్లె వైపు ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్ళో ఇవాళ ట్రాక్టర్లు తోలుతున్న మగపిల్లల్లో చాలామంది నా దగ్గర గుడ్డు తిని పెరిగినవాళ్ళే. కాటాకు వేలాడే గుడ్డసంచిలో బిడ్డను కూర్చోబెట్టి, ముల్లు నిలకడగా ఆగేదాకా చూసి, చార్టు మీద చుక్క పెట్టేదాన్ని. చుక్క ఆకుపచ్చలో పడితే నాకు ఆ పూట అన్నం రుచిగా ఉండేది. పసుపులోకి జారితే తల్లిని కూర్చోబెట్టి చెప్పేదాన్ని. నారింజలోకి వెళ్తే ఆ రోజే ఏఎన్‌ఎమ్‌కు కబురు. బాలింతల ఇళ్ళకు వెళ్ళి ఐరన్ మాత్రలు మింగుతున్నారో లేదో రేకులు తిప్పి చూసేదాన్ని. బిడ్డకు రొమ్ము ఎలా అందించాలో పక్కన కూర్చుని నేర్పేదాన్ని. బాలింత విషయంలో టీచరమ్మకు తెలియనిది లేదని ఊరంతా అనేది. నేనూ అదే నమ్మాను. ఆ నమ్మకమే నా కూతురి ప్రాణం మీదికి తెచ్చింది.

అమ్మాయికి తొలి కాన్పు. సీమంతం చేసి పుట్టింటికి తీసుకొచ్చాం. పెద్దాపరేషన్ అయింది. అది మాకు వింతగా అనిపించలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే మన ఆంధ్రలో నూటికి 42 కాన్పులు, తెలంగాణలో 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. మగపిల్లాడు, మంచి బరువు. అల్లుడు హైదరాబాదు నుంచి పరిగెత్తుకొచ్చాడు. మూడో రోజు నుంచి అమ్మాయి ఊరికే ఏడవడం మొదలుపెట్టింది. దానికి నేను కంగారుపడలేదు, పడాల్సింది కూడా కాదు. కాన్పయిన తొలి రోజుల్లో సగానికి పైగా తల్లులకు ఆ ఏడుపు వస్తుంది, దానంతట అదే పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే మాత్రం అది వేరే సంగతి. ఇంతమంది బాలింతల్ని చూసిన నాకు ఆ రెండు వారాల గడువు సంగతే తెలియదు.

ఏం జరుగుతోందో కళ్ళెదురుగానే ఉంది. బాబు ఏడుస్తుంటే ఒక్కోసారి వినపడనట్టు గోడకేసి తిరిగి పడుకునేది. ఒక్కోసారి బాబు హాయిగా నిద్రపోతున్నా తను నిద్రపోయేది కాదు. ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే, చీకట్లో కూర్చుని వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తోంది. "పడుకోవే" అంటే పడుకుంది. మళ్ళీ తెల్లవారుజామున చూస్తే అలాగే కూర్చుని ఉంది, వేలు అక్కడే. కొత్త తల్లి భయం అనుకున్నాను. తిండి సయించడం లేదంటే పాలు ఎలా పడతాయని వెంటపడ్డాను. పాలసొర వండాను, వెల్లుల్లి కారం నూరాను, మునగాకు, పచ్చి బొప్పాయి కూర, ఏదీ వదల్లేదు. కంచం ముందు కూర్చుని కళ్ళనీళ్ళతో ముద్ద మింగుతుంటే, అవి కళ్ళనీళ్ళని నాకు తెలుసు. కారం ఎక్కువైందేమో అని సరిపెట్టుకున్నాను.

బాబును ఉయ్యాల్లో వేసిన రోజు సాయంత్రం, పేరంటాళ్ళందరూ వెళ్ళిపోయాక, నేను తాంబూలాల పళ్ళేలు సర్దుతున్నాను. అమ్మాయి ఉయ్యాల పక్కన నిలబడి అంది. "అమ్మా, వీణ్ణి చూస్తే నాకు ఏమీ అనిపించట్లేదు. ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టుంది. నేను తల్లిగా పనికిరానేమో."

నేను లేచి వెళ్ళి దాని నోటి మీద చెయ్యి పెట్టాను. నెమ్మదిగా కాదు, గట్టిగానే. "పండగ పూట, బిడ్డ ముందు అవేం మాటలు? తథాస్తు దేవతలుంటారు" అన్నాను.

నా కూతురు కొన్ని వారాలపాటు ఆ నాలుగు మాటలూ కూడగట్టుకుని ఉంటుంది. ఆ పూట కూర్చుని వినుంటే తర్వాత జరిగినవాటిలో సగం జరిగేవి కావు. నేను వినకుండా దిష్టి తీశాను. గుప్పెట్లో రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని తల్లికీ బిడ్డకీ కలిపి మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేశాను. ఘాటు రాలేదు. "చూశావా, ఎంత దిష్టి తగిలిందో" అని చుట్టుపక్కల వాళ్ళకు కూడా చెప్పాను. మర్నాటి నుంచి అమ్మాయి ఏమీ అనలేదు. ఎవరైనా వస్తే నవ్వింది కూడా. దిష్టి పోయిందని నేను నిమ్మళించాను. చెప్పి లాభం లేదని అది నిర్ణయించుకుందని నాకు తట్టలేదు. దిష్టి తియ్యడం తప్పని నేను ఇప్పటికీ అనను. తీశాక పక్కన కూర్చుని "ఇప్పుడు చెప్పమ్మా" అనకపోవడమే తప్పు.

ఆ తర్వాత నేను అన్న మాటలు కూడా ఒప్పుకోవాలి. "మేం కనలేదా?" అన్నాను. "నిన్ను కని పురుడు వెళ్ళగానే బావి నుంచి నీళ్ళు మోశాను" అన్నాను. అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట ఇంకొకటి ఉంది. "మొగుడు బంగారం. అత్తగారు పల్లెత్తు మాట అనదు. బిడ్డ రత్నంలా ఉన్నాడు. నీకేం తక్కువే?" ధైర్యం చెబుతున్నానని అనుకున్నాను. కోలుకున్నాక అమ్మాయి నాతో అంది. "నువ్వు ఆ లెక్క చెప్పినప్పుడల్లా, అన్నీ ఉండి కూడా ఏడుస్తున్నానంటే లోపం నాలోనే ఉందని గట్టిపడిపోయేదమ్మా. నేను లేకపోతే మీరందరూ బాగుంటారు అనిపించేది."

అత్తింటివాళ్ళకు తెలియకుండా దాచడం ఇంకో ఘోరం. వియ్యపురాలు వీడియో కాల్ చేస్తుందంటే ముందుగా అమ్మాయి తల దువ్వి, బొట్టు పెట్టి, దిండ్లు సర్ది కూర్చోబెట్టేదాన్ని. "నవ్వవే, అత్తగారు చూస్తుంది." నవ్వలేని రోజున "ఇప్పుడే కన్నంటుకుంది వదినా, రాత్రంతా బాబు పడుకోనివ్వలేదు" అనేదాన్ని. అల్లుడు శనివారాలు వస్తే గుమ్మం దగ్గరే ఆపి, అలసట అని చెప్పి పంపేదాన్ని. అతను అడుగుతూనే ఉన్నాడు, నేను అబద్ధం చెబుతూనే ఉన్నాను. పెళ్ళికి ముందే ఈ జబ్బు ఉంటే దాచి కట్టబెట్టారు అంటారేమోనని నా భయం. మా వైపు కాస్త తేడాగా మాట్లాడితే చాలు, "వాల్తేరు పంపించాలి" అంటారు. హైదరాబాదు వాళ్ళు ఎర్రగడ్డ పేరు ఎత్తుతారు. రెండు చోట్లా ఉన్నవి జబ్బు నయం చేసే ప్రభుత్వ ఆసుపత్రులే, అయినా ఆ ఊళ్ళ పేర్లు తిట్లయి కూర్చున్నాయి. నా కూతురి పేరు పక్కన ఆ మాట వినపడకూడదనుకున్నాను. దాని ప్రాణం కంటే దాని పేరే ముందు కనిపించింది నాకు.

మా ఊరి ఆశా కార్యకర్త నా కళ్ళ ముందు పనిలో చేరిన పిల్ల. బాలింత ఇంటికి 3వ రోజు, 7వ రోజు, 14, 21, 28, 42వ రోజున వాళ్ళు రావాలి. బిడ్డ బరువు, ఒంటి వేడి, పాలు తాగే తీరు చూసి రాసుకోవాలి. ఆ పిల్ల వచ్చినప్పుడల్లా, అంతా తెలిసినదాన్ని కదా అని నేనే ముందుండి జవాబులు చెప్పేదాన్ని. నలభై రెండో రోజున వచ్చి బాబును తూచింది. ఎప్పటిలా సంచి సర్దుకోకుండా "టీచరమ్మా, కాస్త టీ పెట్టండి" అంది. నన్ను అక్కడి నుంచి పంపడానికే ఆ మాట అందని తర్వాత తెలిసింది.

వంటింట్లోంచి నాకు వినపడుతూనే ఉంది. "బాబు పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా అమ్మలూ?" జవాబు లేదు. కాసేపాగి, గొంతు మార్చకుండా, బాబుకు టీకా వేశారా అని అడిగినంత మామూలుగా అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తోందా?"

గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చాను. పచ్చి బాలింతను పట్టుకుని అడగాల్సిన మాటేనా అది, లేనిపోనిది దాని బుర్రలో పెడతావా అని అరిచాను. నా అరుపు పూర్తవకముందే అమ్మాయి అంది. "అనిపిస్తోందక్కా. రోజూ అనిపిస్తోంది."

నా ఇంట్లో, నా ఎదురుగా, నా కూతురు ఆ మాట వేరొకరికి చెప్పింది. అడిగింది కాబట్టి ఆమెకు చెప్పింది. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది నాలాంటివాళ్ళ భయమే తప్ప నిజం కాదు. నేరుగా అడిగితే మనసులో ఉన్నది బయటికి వస్తుంది, మనిషికి ఊపిరాడుతుంది. మానసిక వైద్యులందరూ చెప్పే మాట ఇది. నేను మాత్రం పొయ్యి మీద టీ పొంగిపోతుండగా తెలుసుకున్నాను.

ఆ పిల్ల ఉలిక్కిపడలేదు, ఏడవలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. అమ్మాయి చెయ్యి పట్టుకుని "ఎలా చేద్దామనుకున్నావు?" అని కూడా అడిగింది. తర్వాత మా ఆయన్ని పిలిచి, చేలో కొట్టే మందులు ఎక్కడ పెడతారు బాబాయ్ అంది. మినుముకు తెచ్చినవి వసారా మూల సంచుల కింద ఉన్నాయి. నా కూతురికి ఆ మూల తెలుసు. అరగంటలో అవన్నీ ఇల్లు దాటించింది. అప్పుడు నాకది అనవసరపు హడావుడిలా అనిపించింది. శ్రీలంకలో 1990లలో అతి విషపూరితమైన పురుగుమందుల్ని నిషేధించుకుంటూ పోతే, 2005 నాటికి ఆ దేశంలో ఆత్మహత్యలు సగానికి తగ్గాయని తర్వాత చదివాను. చావాలన్న కోరిక మనిషిని ఉధృతంగా పట్టేది తక్కువసేపే. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే చాలామంది బతుకుతారు. మన పల్లెల్లో మందు డబ్బా మంచం కిందే ఉంటుంది.

అక్కడే కూర్చుని తన సెల్‌ఫోన్లోంచి 14416కు కలిపింది. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. అటు నుంచి ఒకమ్మాయి తెలుగులో మాట్లాడింది. నా కూతురు చాలాసేపు మాట్లాడింది. అంతసేపు మాట్లాడటం కాన్పయ్యాక అదే మొదలు.

గుంటూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. మా ఊరివాళ్ళెవరైనా చూస్తారేమోనని నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని చివరి బెంచీ మీద కూర్చున్నాను. అమ్మాయి మామూలుగానే కూర్చుంది. దాచాలన్న తపనంతా నాదేనని అప్పుడు అర్థమయింది. డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది, పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల్లో ఎలా ఉన్నావని. 1987లో స్కాట్లాండులో తయారైన ఎడిన్‌బరో పట్టిక అది. ప్రపంచమంతా వాడుతున్నారట. అయిదు నిమిషాల పని. బిడ్డ బరువుకు రంగుల చార్టు పెట్టుకుని ఉద్యోగం చేసినదాన్ని, తల్లి మనసుకు కూడా ఒక కాగితం ఉందని నాకు అరవై ఏళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ప్రసవానంతర కుంగుబాటు అంది డాక్టరమ్మ. థైరాయిడ్, రక్తహీనత కూడా చూడాలని రక్తం తీయించింది, కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలాగే అవుతుందట. ఇంకో మాట కూడా హెచ్చరించింది. కాన్పయిన తొలి రెండు మూడు వారాల్లో బాలింత రోజుల తరబడి నిద్రపోకుండా, లేని గొంతులు వినపడుతున్నాయని, బిడ్డ తన బిడ్డ కాదని, ఎవరో హాని చేస్తున్నారని అంటే, అది ఇంకా పెద్ద జబ్బు. వెయ్యి మందిలో ఒకరిద్దరికి వస్తుంది. వస్తే ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళాలి. గాలి సోకిందని మంత్రం వేయిస్తూ కూర్చోకూడదు.

మన దేశంలో ఎంతమందికి వస్తుందని అడిగితే, 38 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధన 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిందని, అందులో నూటికి 22 మంది అని తేలిందని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. నా రిజిస్టర్లలోని పేర్లన్నీ గుర్తుకొచ్చాయి. బిడ్డ పసుపు రంగులోకి జారినప్పుడు "పాలు పట్టడం కూడా బద్ధకమేనా" అని నేను కేకలేసిన తల్లులు, తల దించుకుని విన్న తల్లులు. ఒకామె బిడ్డకు ఏడాది నిండకుండానే పోయింది. కడుపునొప్పి తాళలేక అని ఊళ్ళో చెప్పుకున్నారు. నేనూ అదే నమ్మి, రిజిస్టరులో పేరు కొట్టేసి, బిడ్డకు బాలామృతం ప్యాకెట్లు అమ్మమ్మ చేతికిచ్చాను. ఆ ఇంటికి అంతకు ముందు వారమే వెళ్ళాను. బిడ్డను తూచాను. ఆమె నాతో ఏదో అనబోయిందా, అనబోతే నేను ఏం చేశానని ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు.

ఇంత తెలిశాక కూడా బుద్ధి రాలేదు. పాలిచ్చే తల్లులకు ఇచ్చే మందే రాశానని, అది పాలలోకి చేరేది చాలా తక్కువని డాక్టరమ్మ చెప్పే పంపింది. నాకు మాత్రం మనసు ఒప్పలేదు. పసివాడి నోట్లోకి పిచ్చిమందు పోతోందన్న భయంతో కొన్ని వారాలకే మాత్రల రేకు తీసి బియ్యం డబ్బాలో దాచాను. "ఇన్నాళ్ళు వేశావు, ఏం మారింది?" అన్నాను. రెండు మూడు రోజుల్లో అమ్మాయికి కళ్ళు తిరగడం, ఒళ్ళంతా వణుకు, మళ్ళీ రాత్రంతా కూర్చోవడం. అల్లుడు వచ్చి నిలదీస్తే చెప్పక తప్పలేదు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "అమ్మా, మీ ఊళ్ళో టీబీ మందు వాడేవాళ్ళు మధ్యలో ఆపితే మీరు ఊరుకునేవారా?" అంది. ఊరుకునేదాన్ని కాదు, ఇంటికెళ్ళి మింగించేదాన్ని. ఈ మందు పని కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని, ఆపేటప్పుడు ఆమె చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి కాగితం మీద రాయించుకున్నాను.

అల్లుడు వాళ్ళమ్మకు చెప్పేశాడు. మర్నాటి బస్సుకు వియ్యపురాలు దిగింది. నేను భయపడ్డ ప్రశ్నే గుమ్మంలో అడిగింది. "పెళ్ళికి ముందు కూడా ఉందా వదినా?" లేదన్నాను. ఇంకేమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి కోడలి పక్కన కూర్చుంది. ఆ రాత్రి బాబును తన మంచం దగ్గరికి మార్చుకుని "రాత్రిళ్ళు వీడి సంగతి నాది, అమ్మాయిని నిద్రపోనివ్వండి" అంది. మధ్యలో ఒక పూట డబ్బా పాలు పట్టాలంటే నేను ఒప్పుకోలేదు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఏదీ వద్దని వేలమందికి చెప్పిన నోరు ఇది. ఇప్పటికీ అదే చెబుతాను, తల్లిపాలకు సాటి లేదు. కానీ ఆ తల్లికి అయిదారు గంటలు ఏకధాటిగా నిద్ర కావాలని డాక్టరే చెప్పినప్పుడు, నా సూత్రం పట్టుకుని కూర్చోవడం మొండితనం. రాత్రి పన్నెండింటికి వియ్యపురాలు సీసా కడుగుతుంటే నేను అలిగి పడుకున్నాను. తెల్లారేసరికి అమ్మాయి ఇంకా నిద్రలోనే ఉంది. నా అలక నాకే తప్పనిపించింది.

బిడ్డను దూరంగా పంపేయమని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. మొదట నేనూ ఊగిసలాడాను. డాక్టరమ్మ వద్దంది. బిడ్డ తల్లి కళ్ళెదుటే ఉండాలి, తల్లి పక్కన ఇంకో మనిషి ఉండాలి, బరువు మాత్రం ఆమె మీద పడకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ఆసుపత్రిలో చేరిన తల్లి దగ్గర్నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదంటుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచి వైద్యం చేసే వార్డు 2009 నుంచి ఉంది. మా అమ్మాయికి ఆ అవసరం రాలేదు. అవసరం పడేవాళ్ళకు ఆ మాట తెలియాలని రాస్తున్నాను.

వీధిలోవాళ్ళకు నేనే చెప్పాను. ముందు ఎదురింటావిడకు చెప్పాను, గొంతు వణికింది. ఆమె ఏమీ అడగకుండా ఆ మధ్యాహ్నం వచ్చి తడిసిన పొత్తిగుడ్డలన్నీ పట్టుకెళ్ళి, ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టి తెచ్చిచ్చింది. తర్వాత రోజూ తెచ్చింది. ఇంకో పిల్ల సాయంత్రాలు వచ్చి అమ్మాయి పక్కన కూర్చుని పూలు కట్టుకునేది, బిడ్డ ఊసెత్తేది కాదు. మాట్లాడాలనిపిస్తే అమ్మాయి మాట్లాడేది, లేకపోతే ఇద్దరూ ఊరికే కూర్చునేవాళ్ళు. ఒకావిడ మాత్రం ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదని పాఠం మొదలుపెట్టింది. ఆ పాఠం నేను ముందే చెప్పి చెడిపోయాను కాబట్టి, చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్ళి పంపేశాను.

నేను పనిచేసిన కాలంలోనే, మాలాంటి చదువు, మాలాంటి జీతం ఉన్న ఆడవాళ్ళు పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో ఇలా తల్లి పక్కన కూర్చునే పనే చేసి చూపించారు. అక్కడి లేడీ హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటుతో ఉన్న తల్లుల ఇళ్ళకు కాన్పుకు ముందు నుంచే పంపారు. వెళ్ళి కూర్చుని మాట్లాడటం, తల్లి తన గురించి, బిడ్డ గురించి, ఇంట్లోవాళ్ళ గురించి అనుకునేవాటిని వినడం, ఇంట్లోవాళ్ళను కూడా కలుపుకోవడం. ఆరు నెలల తర్వాత చూస్తే, వాళ్ళు వెళ్ళిన ఊళ్ళలో 23 శాతం తల్లులకే కుంగుబాటు మిగిలింది, మామూలు సందర్శనలే జరిగిన ఊళ్ళలో 53 శాతం మందికి ఉంది. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మన పశ్చిమ గోదావరి పల్లెల్లో కూడా వైద్య పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆశా కార్యకర్తల చేత మానసిక ఆరోగ్యం మీద ఇంటింటికీ తిరిగే పని చేయించారు. ఇవన్నీ చదువుతున్నప్పుడు నాకు బాధ ఎందుకంటే, ఆ శిక్షణ నాకూ ఇచ్చి ఉంటే నేను చేసేదాన్ని. ఇప్పుడు పనిలో ఉన్న అంగన్‌వాడీ టీచర్లకు, ఆశాలకు ప్రభుత్వం అది ఇచ్చి తీరాలి. రిజిస్టరు మీద రిజిస్టరు పెంచి కాదు. ఉన్నవాటిలో కొన్ని తగ్గించి, తల్లి పక్కన కూర్చునే తీరిక ఇచ్చి.

అమ్మాయి ఒక్కసారిగా బాగుపడలేదు. రెండు రోజులు బాగుంటే మూడో రోజు మళ్ళీ గోడకేసి తిరిగేది. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ "అమ్మా, పప్పులో ఉప్పెక్కువైంది" అంది. ఎన్నాళ్ళుగానో ఏం పెట్టినా రుచి తెలియనట్టు మింగిన పిల్ల నా వంటకు వంక పెట్టింది. వియ్యపురాలు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంకొన్నాళ్ళకు బాబుకు నూనె రాస్తూ "వీడివి మావయ్య చెవులే" అంది. వాణ్ణి అంత పరీక్షగా చూడటం అప్పుడే. బిడ్డ మీద ప్రేమ తనకు అయిదో నెలలో వచ్చిందని ఇప్పుడు మొహమాటం లేకుండా అందరికీ చెబుతుంది. ఆలస్యంగా వచ్చిన ఆ ప్రేమకు ఏ లోటూ లేదు, రోజూ చూస్తున్నాను.

ఉయ్యాల రోజు నేను నోటి మీద చెయ్యి పెట్టిన సంగతి ఎత్తి, క్షమించమని అడిగాను. "గుర్తుందమ్మా" అంది. అంతకంటే ఏమీ అనలేదు. నేను రెట్టించలేదు. అనాలనిపించినప్పుడు అంటుంది, ఏం అన్నా వింటాను.

బాలింతను చూడబోయే అమ్మలకు, అక్కలకు, వదినలకు ఒక మాట. బిడ్డను ఎత్తుకునే ముందు తల్లి పక్కన కూర్చోండి. బిడ్డ పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా అని అడగండి. బిడ్డ మీద ప్రేమ రావట్లేదన్నా, చచ్చిపోవాలనుందన్నా, నోరు నొక్కకండి, మీ పురుడు కథ చెప్పకండి, చెప్పనివ్వండి. ఆ మాట విన్నాక ఆమెను ఒంటరిగా వదలకండి, చేలమందులు ఆ పూటే ఇల్లు దాటించండి, ఆమె భర్తకు చెప్పండి. 14416కు ఫోన్ చెయ్యండి. పగలైనా అర్ధరాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చుండదు.